ఒంటిచేతి కోటు

ఆ ఉదయం టైలరు వేసుకున్న ప్రణాళిక చాలా సాదాగా ఉంది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎదురుగా ఉన్న కోర్టుకు వెళ్ళి, తన కేసు తానే వాదించుకుని, గెలిచి, వచ్చే దారిలో నల్లదారం ఉండలు కొనుక్కుని, భోజనం వేళకు ఇంట్లో ఉండాలి. వీటిలో కాస్త కష్టమైనది దారం కొనడమేనని ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటూ భార్యతో అన్నాడు.

"మరి గెలవడం?" అంది భార్య, చొక్కాకు కుడుతున్న కాజా మీంచి చూపు తిప్పకుండా.

"అదెంతసేపు! నిజం మనవైపుంది."

"నిజం ఉంటే చాలా? పక్కన లాయరు ఉండొద్దూ?"

టైలరు దువ్వెన కింద పెట్టేశాడు. ఆ మాట ఎత్తితే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. కోర్టు వెనకగేటుకు ఎదురుగా ఉన్న ఆ మేడలో కింది వాటా టైలరుది. ముందుగదిలో షాపు, వెనకగదిలో కాపురం. పై వాటాలో ఓనరమ్మ ఉంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయిన మనిషి. కింద కుట్టుమిషను టకటకల వల్ల తనకు కంటిమీద కునుకు లేకుండా పోయిందనీ, టైలరు చేత గది ఖాళీ చేయించాలనీ ఆవిడ కోర్టుకెక్కింది. గది పోతే టైలరుకు మిగిలేది మిషనూ, కత్తెరా, భార్యా. మొదటి రెండూ పెట్టుకోవడానికి చోటుండదు. మూడోది పుట్టింటికి వెళ్ళిపోతానని ముందే చెప్పేసింది. పైకి ఎంత ధీమాగా మాట్లాడినా, ఆ గదిని వదులుకోవడం టైలరు వల్ల కాదు. పెళ్ళయిన కొత్తలో ఆ గుమ్మం పక్కనే మిషను వేసుకుని మొదటి చొక్కా కుట్టాడు. ఆ చొక్కా కూడా ఆలస్యంగానే ఇచ్చాడు, అది వేరే విషయం.

లాయర్ల కోసం ఆయన తిరగకపోలేదు. కోర్టులో తిరిగే ప్రతి నల్లకోటూ ఆయన కత్తెర కిందినుంచి వచ్చిందే కాబట్టి, తనకు లాయరు దొరకడం ఒక లెక్కా అనుకున్నాడు. తీరా వెళితే ప్రతి గుమ్మంలోనూ ఒకే సంభాషణ నడిచింది.

"నా కోటు ఏదయ్యా?"

"అయిపోయినట్టేనండి. కాలరొక్కటే మిగిలింది. రేపు రండి."

"అయితే నీ కేసు కూడా తీసుకున్నట్టేనయ్యా. సంతకమొక్కటే మిగిలింది. రేపు రా."

టైలరు పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆయన కుట్టిన కాలరు, మనిషి ఎంత వంగి దండం పెట్టినా మెడ వదలదు. అందుకే లాయర్లు తిట్టుకుంటూనే ఆయన దగ్గరికే వస్తారు. పైగా ఒక టైలరు కత్తిరించిన గుడ్డను ఇంకో టైలరు ముట్టుకోడు. ఒకసారి ఆయన కత్తెర పడిందంటే ఆ గుడ్డ ఆయనదే, దాని యజమానీ ఆయన మనిషే. ఆ ధైర్యంతో ఆయన జీవితమంతా 'రేపు రండి' అనే మాట మీద బతికాడు. కొత్తకోటు కుట్టించుకునేవాళ్ళు కొలతకని పాతకోటు కూడా ఆయనకే ఇచ్చిపోతారు. దాన్ని ఆదికోటు అంటారు. కాలరు లోపల ఏముందో చూద్దామని ఆయన దాన్ని కూడా విప్పేస్తాడు. ఆ విధంగా ఆ కోర్టులో సగంమంది లాయర్లకు కోట్లు లేవు. వరండాలో ఒక్క కోటును వంతులేసుకుని తొడుక్కుంటున్నారు. లోపల వాదన ముగించి ఒకాయన బయటికి రాగానే గుమ్మంలోనే ఇంకొకాయన చేతులు చాచి సిద్ధంగా ఉంటాడు.

"లాయరెందుకు బావా!" అన్నాడు బావమరిది, టీ గ్లాసుతో లోపలికి వస్తూ. కోర్టు ఆవరణలో క్యాంటీను నడిపేది అతనే. అతను ఆ క్యాంటీను తీసుకున్నప్పటినుంచీ టైలరు మధ్యాహ్నాలు మిషను దగ్గర కన్నా అక్కడే ఎక్కువగా కనిపిస్తున్నాడు. టీ తాగి, కిటికీలోంచి కేసులు చూసి, తీర్పులు తప్పుబట్టి, చీకటిపడే వేళకు ఇల్లు చేరుతున్నాడు. "లాయర్ని పెట్టుకుంటే మన కేసుకి మనమే ప్రేక్షకులం. ఆయన మాట్లాడతాడు, మనం తలూపాలి. నువ్వు చూడని కేసా? నీకు రాని మాటా? అభ్యంతరం అని ఎప్పుడనాలో నీకు తెలిసినట్టు ఆ లాయర్లకే తెలీదు."

"అదీ మాట!" అన్నాడు టైలరు భార్య వైపు తిరిగి.

"నా తమ్ముడి మాటలు విని బాగుపడినవాళ్ళెవరైనా ఉన్నారా?" అంది భార్య. అంతలో వీధిలోకి తొంగిచూసి ఉలిక్కిపడింది. "ఏమండీ! పొడుగు లాయరుగారు వస్తున్నారు!"

పొడుగు లాయరంటే ఓనరమ్మ తరఫు లాయరు. ఆ రోజు టైలరును గదిలోంచి గెంటించడానికి వాదించబోయే మనిషి. ఆయన కోటు కూడా ఇక్కడే ఉంది. ఎడమచెయ్యి మిషను మీద కుట్టేశాడు. కుడిచెయ్యి మాత్రం సూదితో దూరం దూరంగా నాలుగు కుట్లు వేసి, ఊరికే ఆనించి వదిలేశాడు. ఆదికోటు సంగతి అడగక్కర్లేదు, ముక్కలుగా బల్లకింద ఉంది.

"ఇవ్వకు బావా," బావమరిది గొంతు తగ్గించాడు. "కోటు లేనిదే జడ్జిగారు లాయర్ని నోరు విప్పనివ్వరు. వరండాలో తిరిగే ఆ కోటు ఈయనకి మోచేతులు కూడా దాటదు. ఆయన నోరు ఇప్పుడు నీ చేతిలో ఉంది."

"ఛీ, అది పద్ధతి కాదు."

"అసలివ్వద్దని ఎవరన్నారు? రేపు ఇవ్వమంటున్నాను."

అలా చెబితే టైలరుకు అందులో తప్పేమీ కనబడలేదు. రోజూ చేసే పనే. ఆయన కోటు పట్టుకుని దాచడానికి చోటు వెతికాడు. మిషను కింద చూశాడు, అక్కడ కోర్టు గుమాస్తా ప్యాంటు దాగి ఉంది. అటకమీద చూశాడు, అక్కడ జడ్జిగారి గౌను ఉంది. బీరువా వెనక నలుగురు లాయర్ల కోట్లు ఒకదానిమీద ఒకటి నక్కి ఉన్నాయి. వీధిమెట్లమీద బూట్ల చప్పుడైంది. ఇక దిక్కుతోచక టైలరు ఆ కోటును తనే తొడిగేసుకుని, వెనకగుమ్మంలోంచి సందులోకి జారాడు. గోడవతల ఆయన నిలబడి ఊపిరి బిగబట్టి వింటుంటే లోపలి మాటలు స్పష్టంగా వినిపించాయి.

"మీ ఆయన ఏడమ్మా?"

"కోర్టుకెళ్ళారండీ."

"నా కోటు?"

టైలరు భార్యకు అబద్ధం నోటెంట రాదు. ఆవిడ కాస్త తటపటాయించి, "అదీ కోర్టుకే వెళ్ళిందండీ" అంది.

"ఆహా! ముందే పంపించేశారా? ఏమో అనుకున్నాను కానీ, మంచి మనిషమ్మా మీ ఆయన!" అంటూ పొడుగు లాయరు సంతోషంగా లాయర్ల గదివైపు పరిగెత్తాడు.

టైలరు సందు చివరికి వచ్చి కోటు విప్పేద్దామనుకున్నాడు. అనుకున్నాడే కానీ విప్పడానికి చేతులు కనబడలేదు. ఆ కోటు మోకాళ్ళు దాటి వేలాడుతోంది. చేతులు వేళ్ళను మింగేసి ఇంకా జానెడు మిగిలాయి. పైగా ఎదురుగా ఇద్దరు ఖాతాదారులు వస్తూ కనిపించారు, ఒకరిది చొక్కా, ఇంకొకరిది పెళ్ళి సూటు. ఆ పెళ్ళికొడుక్కి ఇప్పుడు బారసాల వయసు కొడుకున్నాడు. టైలరు కాలరెత్తి మొహం దాచుకుని, గబగబా కోర్టు గేట్లో దూరాడు. గేటు దగ్గరి బంట్రోతు కోటును చూసి సలాం కొట్టాడు. తనకెప్పుడూ ఎవరూ సలాం కొట్టిన పాపాన పోలేదు కాబట్టి టైలరుకు ఆ కోటు విప్పాలన్న తొందర కొంచెం తగ్గింది.

వరండా దాటుతుండగా ఒక ఆసామి వచ్చి ఆయన కోటుచెయ్యి దొరకబుచ్చుకున్నాడు. ఎడమది కాబట్టి ఊడలేదు.

"బాబ్బాబు, లాయరుగారూ! మా కేసు పిలుస్తున్నారు. మా లాయరుగారికి కోటు వంతు రాలేదట. మీరొచ్చి ఒక్క మాట చెబితే చాలు!"

"నేను కాదయ్యా..." అంటూనే టైలరు కోర్టుహాల్లోకి, జడ్జిగారి ముందుకు కొట్టుకుపోయాడు.

కేసు ఒక కోడిపుంజుది. ఆ పుంజు నాదంటే నాదని ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు కొట్టుకుంటున్నారు. జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తి, "చెప్పండి, మీ వాదన ఏమిటి?" అన్నారు. ఎన్ని మధ్యాహ్నాలు కిటికీలోంచి చూశాడో! ఎంతమంది లాయర్లను చవటలని కొట్టిపారేశాడో! తీరా ఆ చోట నిలబడేసరికి టైలరుకు ఒక్క వాదనా గుర్తురాలేదు. నోట్లోంచి ఒకే ఒక్క మాట, జీవితమంతా అలవాటైన మాట, దానంతటదే ఊడిపడింది.

"రేపు రండి."

జడ్జిగారు ఆయన్ను చూశారు, గోడగడియారాన్ని చూశారు, ఎదురుగా గుట్టపడిన కేసుల కట్టలను చూశారు.

"సరే. రేపటికి వాయిదా."

కోడి ఆసామి సంతోషంతో కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. కేసు తేలేదాకా పుంజు అతని ఇంట్లోనే ఉంటుందట. "ఇంతకాలం మా లాయరుగారు పేజీలకు పేజీలు చదివేవారు బాబూ. మీరు రెండే మాటల్లో తేల్చేశారు!" అని బయటికొచ్చి అందరికీ చెప్పాడు. దాంతో కోట్లులేని లాయర్ల క్లయింట్లందరూ టైలరు చుట్టూ మూగారు. మా కేసు చూడండంటే మా కేసు చూడండని ఆయన్ను తలోవైపూ లాగడం మొదలుపెట్టారు. టైలరు కుడిచెయ్యిని కాపాడుకుంటూ, ఎవరేమడిగినా 'రేపు' అంటూ, క్యాంటీను వెనక నక్కి భోజనం వేళ గడిపాడు. బావమరిది మాత్రం మెరిసే కళ్ళతో, "చూశావా బావా, నీలో ఎంత లాయరున్నాడో!" అన్నాడు.

భోజనాలయ్యాక బంట్రోతు వరండాలోకొచ్చి ఓనరమ్మ కేసును గొంతెత్తి పిలిచాడు. పొద్దుటినుంచి జరిగిందంతా నవ్వులాటే. ఇప్పుడు పిలిచింది తన గదిని. ఆయన దేవుణ్ణి తలుచుకుని లోపలికి నడిచాడు. ముందుబెంచీ మీద ఓనరమ్మ నిటారుగా కూర్చుని ఉంది. నిద్రలేక ఎర్రబడిన కళ్ళతో ఆయన్ను ఓ చూపు చూసింది.

"మళ్ళీ మీరా?" అన్నారు జడ్జిగారు. "ఇప్పుడు ఎవరి తరఫున?"

"నా తరఫున నేనేనండి."

"అదేమిటి? లాయరై ఉండి మీ మీదే కేసా?"

"లాయర్ని కాదండయ్యా. టైలర్నండి."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. మనిషి మారలేదు.

"మరి ఆ కోటు?"

"నేనే కుట్టానండి."

"కుట్టారు సరే. ఎవరిది?"

"నాది!" అని తలుపు వెనకనుంచి పెద్దగొంతు వినిపించింది. పొద్దుటినుంచి లాయర్ల గదిలో ప్రతి కొక్కేనికీ వెతికి వెతికి, వట్టి చొక్కాతో వచ్చి నిలబడిన పొడుగు లాయరు గొంతు అది.

"ఈ హాల్లో కోటు లేకుండా మాట్లాడుతున్నదెవరు?" అని జడ్జిగారు గద్దించారు. గొంతు తలుపు వెనకే చచ్చిపోయింది. కోటు తనదని చెప్పుకోవాలంటే ముందు ఆయన కోటు తొడుక్కోవాలి, తొడుక్కోవాలంటే తనదని చెప్పుకోవాలి. పొడుగు లాయరు రెండు చేతులూ ఊపుతూ, కోటునూ తన గుండెనూ మార్చి మార్చి చూపిస్తూ మూగనాటకం ఆడాడు. హాల్లో వెనకబెంచీలు నవ్వాయి.

టైలరు మాత్రం నవ్వలేకపోయాడు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. తను ఒకరి నోరు ఎత్తుకొచ్చినట్టనిపించింది. ఇంకేమీ ఆలోచించకుండా కోటు విప్పి, తలుపుదాకా వెళ్ళి, ఆయనకు తొడిగి, అలవాటుకొద్దీ భుజాలు సర్ది, వీపు నిమిరాడు. "మన్నించండి సార్. ఒక్క మనవి. కుడిచెయ్యి మాత్రం పైకెత్తకండి, అది ఇంకా..."

"ఇక నువ్వు నాకు వాదన నేర్పుతావా?" అని పొడుగు లాయరు విసురుగా ముందుకు వెళ్ళాడు.

ఆయన మాటకారి. కోటు ఒంటిమీద పడగానే గొంతు గంటలా మోగింది. "అయ్యా! ఈ వృద్ధురాలి ముఖం చూడండి. ఈ కళ్ళు చూడండి. కునుకన్నది ఎరగని కళ్ళు! ఎందువల్ల? కింద ఆ మిషను! టకటక, టకటక! ఆ ఘోరమైన శబ్దం నేలను చీల్చుకుని, మంచాన్ని కుదిపేసి, ఇదిగో, ఇలా పైకప్పుదాకా..." అంటూ కుడిచెయ్యి పైకప్పుకేసి బారుగా చాచాడు.

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. కోటుచెయ్యి ఆగలేదు. నాలుగు కుట్లూ పటపటా తెగి, అది గాల్లో ఎగిరి, ఒక పల్టీ కొట్టి, జడ్జిగారి బల్లమీద, సరిగ్గా ఆయన ముందు, సాక్ష్యం పెట్టినట్టు పడింది.

జడ్జిగారు దాన్ని రెండువేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు. "ఒంటిచేతి కోటుతో పూర్తి వాదన వినడం కుదరదు."

"వాయిదా ఇప్పించండయ్యా," అన్నాడు పొడుగు లాయరు, తెల్లచొక్కాచెయ్యిని వీపు వెనక దాచుకుంటూ.

"ఎప్పటికి?"

అందరూ టైలరు వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచేలోపే లాయర్లు, క్లయింట్లు, గుమాస్తా, బంట్రోతు, వెనకబెంచీలూ ఒక్క గొంతుతో అన్నారు.

"రేపు!"

"ఆ రేపు సంగతి మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు," అన్నారు జడ్జిగారు, మెడదగ్గర చిరిగిన తన పాతగౌనును తడుముకుంటూ. "వాయిదా లేదు. మిషను ఇక్కడికి తెప్పించండి. నా కళ్ళ ముందు కుట్టాలి."

బావమరిది టీబండి మీద మిషను ఎక్కించి తోసుకొచ్చాడు. వెంట టైలరు భార్య వచ్చింది. ఎటూ వెళుతున్నాను కదా అని ఆవిడ అటకమీదివీ, బీరువా వెనకవీ, మిషను కిందివీ అన్నీ ఒక దుప్పట్లో మూటకట్టి తెచ్చింది. మూట విప్పగానే హాల్లో కలకలం రేగింది. చాలాకాలం క్రితం తప్పిపోయిన బంధువులను గుర్తుపట్టినట్టు లాయర్లు తమతమ కోట్లను గుర్తుపట్టారు. "పనిలో పని, అవీ కానివ్వండి" అన్నారు జడ్జిగారు. తన గౌను మీద ఒక కన్ను వేసే ఆ మాటన్నారని గుమాస్తా తరువాత అందరికీ చెప్పాడు.

టైలరు మిషను ముందు కూర్చున్నాడు కానీ కాళ్ళాడలేదు. ఇంతసేపటికి ఆయన బుర్రకు అసలు సంగతి తట్టింది. మిషను చప్పుడు మీద కదా కేసు! ఆ చప్పుడును తన చేతులతో, కాదు, తన కాళ్ళతో తనే జడ్జిగారికి వినిపించబోతున్నాడు. ఏ లాయరూ ఏ ప్రతివాది చేతా ఇంత తెలివితక్కువ పని చేయించడు. పక్కన ఒక లాయరుండి ఉంటే చొక్కా పట్టుకుని ఆపి ఉండేవాడు. అయిపోయింది, గది పోయింది అనుకున్నాడు. గుమ్మం పక్కన మిషను ఆనించే గోడమీద ఏళ్ళతరబడి తన మోచెయ్యి రాసుకుని ఏర్పడిన నున్నటి మచ్చ కళ్ళముందు మెదిలింది. కళ్ళు చెమర్చాయి.

"ఊఁ" అన్నారు జడ్జిగారు.

టైలరు వీలైనంత మెల్లగా తొక్కాడు. కానీ ఆ పాతమిషనుకు మెల్లగా అనేది తెలీదు. టకటక మొదలైంది. కిటికీ రెక్కలు అదిరాయి, గుమాస్తా బల్లమీద పెన్నులు నడిచాయి. కోటు విప్పి ఇచ్చిన పొడుగు లాయరు వట్టి చొక్కాచెయ్యి ఊపుతూ, చూశారా, విన్నారా అన్నట్టు విజయగర్వంతో చుట్టూ చూశాడు. కోటు కుడిచెయ్యి అతికింది. తరువాత ఒక కాలరు, తరువాత గుమాస్తా ప్యాంటు, తరువాత జడ్జిగారి గౌను. పని చేతికొచ్చాక టైలరుకు భయం కూడా గుర్తులేదు. మెడవంచి కుట్టుకుంటూ పోయాడు. అలా ఎంతసేపు కుట్టాడో, బాబిన్లో దారం అయిపోయి మిషను ఆగింది.

ఆగగానే ఇంకో చప్పుడు వినిపించింది. ముందుబెంచీ మీదినుంచి. గుర్ర్... అని సన్నగా, హాయిగా, లయగా.

ఓనరమ్మ తల పక్కకు వాలి ఉంది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ముఖంలో పసిపిల్ల సుఖం.

మిషను ఆగిన మరుక్షణం ఆ గురక కూడా తెగింది. ఆవిడ ఉలిక్కిపడి లేచి, ఎక్కడున్నదీ చూసుకోకుండా చిరాగ్గా, "ఏమయ్యా, ఎందుకాపావు? కుట్టు!" అంది.

జడ్జిగారు టైలరుకు వేలితో సైగ చేశారు. భార్య దారం మార్చింది. టకటక. ఓనరమ్మ రెప్పలు వాలాయి. జడ్జిగారు చెయ్యెత్తారు. టైలరు ఆపాడు. ఓనరమ్మ లేచింది. మళ్ళీ సైగ. టకటక, గుర్ర్. ఆపు. "ఎందుకాపావయ్యా!" జడ్జిగారికి ఇందులో ఏదో ఆనందం దొరికినట్టుంది, అవసరానికి మించి ఇంకో రెండుసార్లు చేయించారు.

"అమ్మా," అన్నారు చివరికి. "మీకు ఎప్పటినుంచి నిద్ర పట్టడం లేదు?"

ఓనరమ్మ మొహం కందిపోయింది. "ఈమధ్యే బాబూ. ఇంతకుముందు భోజనం చేసి నడుం వాలిస్తే ఒళ్ళు తెలిసేది కాదు. ఎక్స్ఛేంజిలో అంత రొదలో బతికినదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నం పడుకుంటే చెవుల్లో ఒకటే గుయ్యిమంటుంది. పొద్దున్నే ఈ మిషను చప్పుడు వింటే ఒళ్ళు మండేది. దీనివల్లేనేమో అనుకున్నాను."

"మధ్యాహ్నాలు మిషను తిరగడం లేదా?"

"ఎలా తిరుగుతుందండీ!" అంది టైలరు భార్య. ఆవిడ ఇంతకాలం కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది. "ఈయన షాపులో ఉంటేగా! మా తమ్ముడు ఇక్కడ క్యాంటీను పెట్టాడు, అంతే. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటే మళ్ళీ దీపాలవేళకే. టీలు తాగుతూ, కిటికీలోంచి మిమ్మల్ని చూస్తూ..."

"అభ్యంతరం!" అని టైలరు లేచి నిలబడ్డాడు. ఎన్నాళ్ళనుంచో నోట్లో నానుతున్న మాట, ఎప్పుడనాలో తనకు బాగా తెలుసనుకున్న మాట, చివరికి అనగలిగాడు.

"ఎవరి సాక్ష్యం మీద అభ్యంతరం?" అన్నారు జడ్జిగారు.

"మా ఆవిడ మాటల మీదండి!"

"ఆ మాటలే కదయ్యా నీ గది నీకు నిలబెడుతున్నది!"

"అయినా సరేనండి! నేను టీలు తాగుతాననడం..."

"కూర్చో బావా, కూర్చో!" అని బావమరిది వెనకనుంచి చొక్కా పట్టి లాగాడు. జడ్జిగారు అభ్యంతరం తోసిపుచ్చారు. తన కేసును గెలిపించే సాక్ష్యాన్ని తనే అడ్డుకోబోయిన ప్రతివాదిని ఇంతవరకు చూడలేదని, లాయరంటూ ఒకడుండేది ఇలాంటప్పుడు మనిషిని కూర్చోబెట్టడానికేనని కూడా అన్నారు.

తీర్పు అక్కడికక్కడే చెప్పేశారు. టైలరు గది ఖాళీ చేయనక్కర్లేదు. అయితే ఇకమీదట ప్రతి మధ్యాహ్నం, ఓనరమ్మ నడుం వాల్చే వేళనుంచి ఆవిడ లేచేదాకా, మిషను ఆపడానికి వీల్లేదు. క్యాంటీనులో ఆయన కనిపిస్తే బావమరిది వెంటనే భార్యకు కబురు పెట్టాలి. ఓనరమ్మ లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, "అయ్యో, ఇదేదో మెట్లు దిగొచ్చి నిన్ను అడిగినా సరిపోయేదిరా అబ్బాయ్" అంది. టైలరు గది నిలిచిందని పొంగిపోవాలో, మధ్యాహ్నాలు పోయాయని ఏడవాలో తెలీక రెండూ కొంచెం కొంచెం చేశాడు. భార్య మాత్రం ఒక్కటే చేసింది. దుప్పటి మడతపెడుతూ, కళ్ళొత్తుకుంటూ, హాయిగా నవ్వింది.

రెండు చేతులూ గట్టిగా నిలిచిన కోటుతో పొడుగు లాయరు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. వాదించడానికి ఆయన దగ్గర కోటుంది, గొంతుంది, కేసే లేదు.

వెళుతూ వెళుతూ టైలరుకు ఒక ఆలోచన వచ్చింది. తీర్పు కాపీ ఒకటి తీసుకుని, అద్దం కట్టించి, షాపులో గడియారం పక్కన తగిలిస్తే బాగుంటుందనుకున్నాడు. గుమాస్తా దగ్గరికి వెళ్ళి వినయంగా అడిగాడు. గుమాస్తా కొత్తప్యాంటు మోకాళ్ళ దగ్గర సర్దుకుని, ఆయన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ కాగితాల్లోకి తల వంచాడు.

"అయిపోయినట్టే. ముద్రొక్కటే మిగిలింది. రేపు రండి."